రీచార్జ్ ధరల గురించి మా షాపు కస్టమర్లకు

"ఏంటండీ, మళ్లీ పెంచారా?" అని అడిగే ఒక్కొక్కరికీ కౌంటర్ దగ్గర చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. పెంచింది నేను కాదు. 2024 జులైలో జియో 155 ప్లాను 189 అయింది. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియాల 179 ప్లాను 199 అయింది. మూడూ ఒకే వారంలో! అందులో నాకు మిగిలేది టీ డబ్బులు కూడా కాదు. షాపు అద్దె కడుతున్నది టెంపర్డ్ గ్లాసులు, బ్యాక్ కవర్లు, డిస్‌ప్లే రిపేర్లే.

2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అనగానే మిగతా కంపెనీలన్నీ చచ్చినట్టు అదే దారి పట్టాయి. అప్పట్లో పోటీ అంటే అదీ. 2016 సెప్టెంబరులో జియో వచ్చి నెలల తరబడి ఊరికే ఇస్తే అందరం సంబరపడ్డాం. ఆ దెబ్బకు ఎయిర్‌సెల్ దివాలా తీసింది, టెలినార్, డొకోమో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి, వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. చివరికి ప్రైవేటులో ముగ్గురు మిగిలారు. 2019 డిసెంబరులో, 2021 చివర్లో, మళ్లీ 2024లో ముగ్గురూ రోజుల తేడాతోనే రేట్లు పెంచారు. కుమ్మక్కయ్యారని నేననను. ఒకరు పెంచినప్పుడు ఇంకొకరు తగ్గించి మనల్ని లాక్కోవాల్సిన అవసరం మాత్రం పోయింది. పైగా నెలంటే వాళ్లకు 28 రోజులు. ఏడాదికి 13 రీచార్జ్‌లు!

ఇక మన షాపు సంగతి. "ఎప్పుడూ వేసేదే వెయ్యి బాబూ" అన్నా ఇకమీదట వెంటనే కొట్టను. ముందు "నెట్ వాడతారా?" అని అడుగుతాను. టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ ఆదేశంతో 2025 జనవరిలో కాల్స్, మెసేజ్‌లకు మాత్రమే ప్యాక్‌లు వచ్చాయి. మొదట పెట్టిన రేట్లు తగ్గించాక 84 రోజులకు ఎయిర్‌టెల్‌ది 469, జియోది 448 అయింది. ఆ రేట్ల లెక్కన బటన్ ఫోను వాడే అమ్మమ్మకు ఎయిర్‌టెల్ 28 రోజుల 199 ప్లాను మూడుసార్లు వేయిస్తే 597. అంటే 128 రూపాయలు దండగ. ఈ ప్యాక్‌ల గురించి కంపెనీలు పెద్దగా ప్రచారం చేయవు, యాప్‌లో వెతుక్కోవాలి. సాయంత్రం రద్దీలో ఈ ప్రశ్నల వల్ల కాస్త ఆలస్యమైతే విసుక్కోకండి.

అప్పు రీచార్జ్‌లు మాత్రం ఆపేశాను. ముందే డబ్బు కట్టి బ్యాలెన్స్ కొనుక్కుంటాం. రేట్లు పెరిగాక ఆ పెట్టుబడీ పెరిగింది. రోజూ కనిపించేవాళ్లకు కూడా ఇదే మాట, ఏమీ అనుకోవద్దు.

బీఎస్ఎన్ఎల్‌కి మారదామనుకునేవాళ్లు రేటు ఒక్కటే చూడకండి. మీ వీధిలో ఆ సిమ్ వాడేవాళ్ల ఫోను తీసుకుని, మీ ఇంట్లోంచే ఒక కాల్ చేసి చూడండి. సిగ్నల్ బాగుంటే పోర్ట్ అని ఇంగ్లీషులో టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు కొట్టి 1900కి మెసేజ్ పెట్టండి. తిరిగి వచ్చే కోడ్ నాలుగు రోజులే చెల్లుతుంది. ఈలోపు ఆధార్ పట్టుకుని నంబరు ఎవరి పేరు మీద ఉందో వాళ్లే రావాలి.