నాట్యానికి కొత్త సంగీతం ఎవరు రాయిస్తారు?

సంపాదకుడు గారికి,

ఆదివారం అనుబంధంలో అమెరికన్ స్వరకర్త ఆరన్ కోప్లాండ్ మీద వేసిన వ్యాసం చదివాను. ‘అపలేచియన్ స్ప్రింగ్’ వింటుంటే కొండల్లో వసంతం కళ్లకు కడుతుందని రాశారు. కట్టొచ్చు. కానీ కోప్లాండ్ ఏ కొండల్నీ తలుచుకుని రాయలేదు. అమెరికన్ నర్తకి, నాట్య రూపకర్త మార్తా గ్రాహమ్ నాట్యం కోసం రాశారు. ఆయన పెట్టుకున్న పేరు ‘మార్తా కోసం బ్యాలే’ అని మాత్రమే. సంగీతమంతా అయ్యాక, హార్ట్ క్రేన్ కవితలోంచి ‘అపలేచియన్ స్ప్రింగ్’ అన్న మాట తీసి పేరు పెట్టింది ఆవిడే. కొండలు కనిపించాయని ఎవరైనా మెచ్చుకుంటే కోప్లాండ్‌కి నవ్వొచ్చేదట. అందులో వినిపించే ‘సింపుల్ గిఫ్ట్స్’ కూడా షేకర్ల ఆట పాటే. వాళ్లు ప్రార్థనలో అడుగులేసే భక్తులు.

అసలు నేను రాయాలనుకున్నది డబ్బు సంగతి. ఈ నాట్యం మొదట ప్రదర్శించింది 1944 అక్టోబర్ 30న, వాషింగ్టన్‌లో, ఒక గ్రంథాలయంలో! లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కూలిడ్జ్ అనే దాత పెట్టిన నిధి నుంచి కోప్లాండ్‌కి 500 డాలర్లు ఇచ్చి రాయించారు. హాలు చిన్నది కాబట్టి వాద్యాలు 13తో సరిపెట్టారు. మనం ఎక్కువగా వినే పెద్ద ఆర్కెస్ట్రా రూపం 1945లో వచ్చింది. దీనికి పులిట్జర్ బహుమతి కూడా ఆ ఏడాదే. నాకు మాత్రం ఆ పదమూడింటిదే ఇష్టం, ఒక్కో కమాను విడిగా వినిపిస్తుంది.

1942లో మరో నాట్య రూపకర్త ఆగ్నెస్ డి మిల్ నాట్యానికి కోప్లాండే రాసిన ‘రోడియో’ చూడండి. అందులో అందరికీ తెలిసిన ‘హో డౌన్’ వరస కెంటకీలో విలియం స్టెప్ అనే పల్లెటూరి ఫిడేలు వాద్యకారుడిది. 1937లో దాన్ని రికార్డు చేయించి దాచింది కూడా ఆ గ్రంథాలయమే.

నేను ముప్పయ్యేళ్లు కూచిపూడి కార్యక్రమాలకు వయొలిన్ వాయించాను. ఇప్పుడు పిలుపులు తగ్గాయి, పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ వేసేస్తున్నారు. ఈమధ్య ఒకచోట ట్రాక్ మధ్యలో ఆగిపోతే, పాపం ఆ పిల్ల ఎత్తిన చెయ్యి దించకుండా అలాగే నిలబడిపోయింది. మేళం ఉంటే మృదంగం ఆయన ఎలాగో అందుకునేవాడు. తల్లిదండ్రుల్ని అనను, మేళానికి అయ్యే ఖర్చు నాకు తెలుసు.

అందుకే రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖల్ని అడుగుతున్నాను. నాట్యోత్సవాలకు ఇచ్చే డబ్బులో కొంత పక్కన పెట్టి, ఏడాదికి ఒక్క కొత్త నృత్యరూపకానికైనా సంగీతం రాయించండి. నట్టువాంగం, గాత్రం, మృదంగం, వేణువు, వయొలిన్ వేదిక పక్కన కూర్చుని వాయించాలని షరతు పెట్టండి. పదమూడు మంది అక్కర్లేదు, ఈ అయిదుగురు చాలు. ఆ రికార్డింగు మన ప్రభుత్వ గ్రంథాలయాల్లో ఉంచితే తర్వాతి పిల్లలకు పనికొస్తుంది.

అన్నట్టు, మీ వ్యాసంలో మార్తా గ్రాహమ్ పేరు ఎక్కడా లేదు. ఈసారి వేయండి.

– ఒక వయొలిన్ కళాకారుడు, తెనాలి