షిఫ్టు చార్టు సరిచేయండి, కేకు తర్వాత కోద్దాం

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, చిత్తూరు జిల్లాల పరిశ్రమల్లో ఈమధ్య ఉద్యోగుల సంతోషం గురించి మాటలు ఎక్కువయ్యాయి. నెలకోసారి పుట్టినరోజుల కేకు, జూన్ 21న యోగా, అప్పుడప్పుడూ బయటి ఊరి వక్తతో సానుకూల దృక్పథం మీద గంటన్నర ప్రసంగం. కుర్చీలు ఖాళీగా కనబడకూడదని సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) దిగినవాళ్లను ఇంటికి పోనీకుండా కూర్చోబెట్టే చోట్లు కూడా ఉన్నాయి. మనిషి సంతోషంగా ఉంటే పని బాగా సాగుతుందన్న మాటతో మాకు పేచీ లేదు. ఆ సంతోషాన్ని ఏది తినేస్తోందో చూడకుండా డబ్బు మాత్రం ఖర్చు పెడుతున్నారు. ఈ ఉత్తరం అందుకే.

ముందు రుజువుల సంగతి. బ్రిటన్‌లో బీటీ టెలికాం కంపెనీకి చెందిన 11 కాల్‌సెంటర్లలో దాదాపు 1,800 మంది అమ్మకం సిబ్బందిని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆరు నెలల పాటు గమనించారు. వారానికి ఒకటే ప్రశ్న. ఐదు ముఖం బొమ్మల్లో ఈ వారం మీ మనసు ఎలా ఉందో చెప్పే బొమ్మను నొక్కాలి. సంతోషంగా ఉన్న వారాల్లో అమ్మకాలు సుమారు 13 శాతం ఎక్కువని 2019లో ప్రకటించారు. బాగా అమ్మారు కాబట్టే సంతోషించారేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అది తీరడానికి వాతావరణాన్ని ఆసరా చేసుకున్నారు. అక్కడ ముసురు పట్టిన వారాల్లో జనానికి దిగులు, ఆ దిగులు అమ్మకాల లెక్కలోనూ కనబడింది. (మే నెలలో రేణిగుంట మీద మబ్బు పడితే మనకు పండగే, అది వేరే సంగతి.) మన యాజమాన్యాలు పట్టించుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. సంతోషంగా ఉన్నవాళ్లు ఎక్కువ గంటలేమీ పనిచేయలేదు. అదే గంటలో ఎక్కువ కాల్స్ మాట్లాడారు, వాటిలో ఎక్కువ అమ్మకాలు తెచ్చారు.

ఇక కార్యక్రమాల సంగతి. బ్రిటన్‌లోనే 46,000 మందికి పైగా ఉద్యోగుల సమాధానాలను పరిశీలించిన ఇంకో అధ్యయనం 2024లో వచ్చింది. ధ్యానం తరగతులు, ఒత్తిడి తట్టుకునే శిక్షణ, ఫోన్ యాప్‌ల వంటివాటిలో పాల్గొన్నవాళ్లకూ పాల్గొననివాళ్లకూ మనసు బాగోగుల్లో తేడా కనబడలేదు. కాస్త మేలు చూపింది స్వచ్ఛంద సేవ ఒక్కటే. కాబట్టి శ్రీవారి సేవకు పోతామని సెలవడిగేవాళ్లను విసుక్కోకండి, యోగా మ్యాట్ల ఖర్చు కన్నా ఆ సెలవే నయం.

మరి సంతోషం పోయేది ఎక్కడ? మా అనుభవంలో ఎక్కువగా షిఫ్టు మారే రోజున. ఏ షిఫ్టు ఉదయం 6 నుంచి 2, బి షిఫ్టు 2 నుంచి రాత్రి 10, సి షిఫ్టు 10 నుంచి 6 అనుకుందాం. శ్రీకాళహస్తి నుంచో పుత్తూరు నుంచో కంపెనీ బస్సెక్కేవాళ్లకు ఒకవైపు గంటన్నర ప్రయాణం వేసుకోండి. బి నుంచి ఏ షిఫ్టుకు వెనక్కి మారుస్తూ, మధ్యలో వీక్లీ ఆఫ్ ఇవ్వకపోతే, 10కి దిగిన మనిషి ఇల్లు చేరేది 11.30కి, మళ్లీ బస్సెక్కేది తెల్లవారి 4.30కి. ఇంట్లో ఉండేది ఐదు గంటలు. స్నానం, భోజనం పోగా నిద్ర నాలుగు గంటలు కూడా పట్టదు. వంట, పిల్లల క్యారేజీలు చూసుకోవాల్సిన ఆడవాళ్లకు మూడే. ఆ పొద్దున లైన్లో రిజెక్షన్లు (లోపంతో పక్కన పడేసే సరుకు) ఎందుకు పెరిగాయని మీటింగ్ పెడతారు!

అదే ముందుకు తిప్పండి. ఏ నుంచి బి, బి నుంచి సి, సి నుంచి ఏ. ఒక్కో మార్పులో దిగడానికీ ఎక్కడానికీ మధ్య 24 గంటలు దొరుకుతాయి. మనిషి లోపలి గడియారం సహజంగానే 24 గంటల కన్నా కాస్త నిదానంగా తిరుగుతుంది, అందుకే ఆలస్యంగా పడుకోవడానికి అలవాటు పడినంత తేలిగ్గా తొందరగా పడుకోవడానికి పడదు. దీనికి పైసా ఖర్చు లేదు, చార్టులో బాణం దిశ మారిస్తే చాలు. రెండు డ్యూటీల మధ్య వరుసగా 11 గంటల విశ్రాంతి యూరోపియన్ యూనియన్‌లో చట్టం. మనం కనీసం 12 పెట్టుకోవాలి, ఎందుకంటే మన లెక్కలో మూడు గంటలు బస్సుకే పోతాయి.

డబుల్ షిఫ్టు సంగతి మరీ దారుణం. రిలీవర్ (తర్వాతి షిఫ్టులో ఆ చోటికి రావాల్సిన మనిషి) రాలేదని 2 గంటలకు దిగాల్సినవాణ్ని 10 దాకా ఉంచేస్తారు. 6 గంటల షిఫ్టు కోసం అతను లేచింది 4కి. రాత్రి 9 అయ్యేసరికి మేలుకొని 17 గంటలు. అంతసేపు మేలుకున్నవాళ్ల చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాళ్ల స్థాయికి దిగిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన దేశంలో బండి నడిపేవాళ్లకు చట్టం ఇచ్చిన పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. పికప్ పాయింట్‌లో బస్సు దిగి తన బైకు తీసే ఆ కుర్రాడు నోట చుక్క ముట్టకుండానే పరిమితి దాటేశాడు. నిద్రలేమిని పట్టే ఊదుడు మిషను పోలీసుల దగ్గర లేదు.

రిలీవర్లు రాకపోవడం విధి కాదు, లెక్క తప్పడం. 40 మంది లైనుకు 40 మందినే తీసుకుంటారు. రోజూ నలుగురు రాని లైనుకు 44 మంది ఉండాలి. ఒక్కో స్థానంలో పని తెలిసినవాళ్లు ముగ్గురైనా ఉండాలి. ఎవరికి ఏ పని వచ్చో రాసిన పట్టిక చాలా చోట్ల గోడ మీద ఉంటుంది, ఆడిట్ అయ్యాక దాన్ని ఎవరూ దిద్దరు. సెలవులదీ ఇదే కథ. తిరుపతి గంగజాతర మే నెలలో వస్తుందని ఏడాది ముందే అందరికీ తెలుసు, పల్లెల జాతరలు కూడా ముందే చాటింపు అవుతాయి. అయినా ఆ వారం సూపర్‌వైజరు "అందరూ ఒకేసారి మాయమయ్యారు" అని ఆశ్చర్యపోతూనే ఉంటాడు. ఏప్రిల్ మొదట్లో సెలవు చీటీలు తీసుకొని ఊరివారీగా పంచుకుంటే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతం.

చార్టు రెండు వారాల ముందు నోటీసు బోర్డు మీద పడాలి. ఆదివారం రాత్రి 9కి వాట్సాప్ గ్రూపులో పెట్టే చార్టు చార్టు కాదు. ఇద్దరు కార్మికులు తమలో తాము షిఫ్టు మార్చుకుంటామంటే ఒక సంతకంతో అయిపోవాలి. అమెరికాలో గ్యాప్ బట్టల దుకాణాలు 28 తీసుకొని ఇలాంటి ప్రయోగమే చేశారు. పని వేళలు వారం వారం మారిపోకుండా చూసి, షిఫ్టులు మార్చుకునే వీలు కల్పించిన దుకాణాల్లో అమ్మకాలు 7 శాతం పెరిగాయి.

ఇంట్లో చావు జరిగినప్పుడు ఇచ్చే సెలవు గురించీ ఒక మాట. బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయం వారు 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో, దగ్గరివాళ్లు పోయినవాళ్లు, ఇంట్లో తీవ్రమైన జబ్బు చూసినవాళ్లు చిన్న చిన్న కూడికల్లో కూడా వెనకబడ్డారు. ఆ వెనకబాటు రెండేళ్ల లోపు జరిగిన సంఘటనలదాకా కనబడింది. మనదగ్గర మూడు రోజులిచ్చి నాలుగో రోజు రమ్మంటారు, పెద్దకర్మ 11వ రోజో ఇంకా తర్వాతో. మూడు రోజులు ముందు, రెండు రోజులు కర్మ నాటికి అని విడగొట్టి ఇస్తే దొంగ మెడికల్ సర్టిఫికెట్లు సగం తగ్గుతాయి. నెల రోజులు సి షిఫ్టు వేయకపోతే ఇంకా మంచిది. మనసు బాగోలేనివాళ్లకు ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సాయం టెలీ మానస్ 14416 నంబరును హెచ్ఆర్ గదిలో కాకుండా బస్సులో అంటించండి.

సంతోషం కొలవాలనుకునే కంపెనీలకు ముఖం బొమ్మల పద్ధతి చవకైనది. కాకపోతే పేరుతోనో, ఉద్యోగి నంబరుతో లాగిన్ అయ్యో నొక్కమంటే అందరూ నవ్వే బొమ్మే నొక్కుతారు. గేటు దగ్గర పేరు లేకుండా నొక్కనివ్వాలి, పక్కన సూపర్‌వైజరు నిలబడకూడదు. ఫలితం లైనువారీగా బోర్డు మీద పెట్టాలి. పది మంది కన్నా తక్కువున్న లైను ఫలితం విడిగా చూపకూడదు, ఎవరేం నొక్కారో తెలిసిపోతుంది.

2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం కర్మాగారాల్లో రోజు పని పరిమితిని 9 నుంచి 10 గంటలకు, మూడు నెలల ఓటీ (ఓవర్‌టైం, అదనపు పని) పరిమితిని 75 నుంచి 144 గంటలకు పెంచడానికి ఆమోదం తెలిపింది. 144ను 13 వారాలకు పంచితే వారానికి 11. వారపు 48తో కలిపితే 59 గంటలు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేస్తే పక్షవాతం ముప్పు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే, 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పాయి. "ఓటీ మేమే అడుగుతున్నాం సార్" అని కార్మికులు అనడం నిజమే. రెట్టింపు కూలి వస్తుంది కాబట్టి అడుగుతారు. మామూలు జీతంతో గది అద్దె, పిల్లల ఫీజు గడవని చోట ఆ మాటను ఇష్టమని రాసుకోవద్దు.

కార్మిక శాఖ, ఫ్యాక్టరీల శాఖ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు హాజరు పుస్తకంతోపాటు గడచిన మూడు నెలల షిఫ్టు చార్టు, బస్సు బయలుదేరిన వేళల పుస్తకం పక్కపక్కన పెట్టి చూడాలని మా మనవి. డబుల్ షిఫ్టులు ఎక్కడ దాగినా ఆ రెండింటి మధ్య బయటపడతాయి. నైపుణ్యాభివృద్ధి సంస్థ, ఉపాధి కార్యాలయాలు పెట్టే జాబ్‌మేళాల్లో కంపెనీలు అర్హత, వయసు, జీతం బోర్డు మీద రాస్తాయి. షిఫ్టులు ఏ దిశలో తిరుగుతాయి, చార్టు ఎన్ని రోజుల ముందు ఇస్తారు, వీక్లీ ఆఫ్ ఏ రోజు, బస్సు ఎంతసేపు అన్న నాలుగు వివరాలు కూడా రాయమనండి. రాయని కంపెనీకి స్టాలు ఇవ్వకపోవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

ఇట్లు,
కర్మాగారాల్లో షిఫ్టుల ఏర్పాటు, కార్మిక సంక్షేమం చూసే కొందరు పాఠకులు,
రేణిగుంట, తిరుపతి జిల్లా