పట్టుచీరతో సరిపెడుతున్నారు

ఎడిటర్ గారికి నమస్కారం,

కాలం మారిపోయింది, పాత పద్ధతులేవీ మిగల్లేదు అని అందరూ అంటుంటారు గానీ ఆడపిల్లకి ఆస్తి అనేసరికి ఎక్కడున్నవాళ్లం అక్కడే ఉన్నాం. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ గవర్నమెంట్ తెచ్చిన చట్టం 1985 సెప్టెంబర్ నుంచే అమల్లోకి వచ్చింది, సెంటర్ అదే పని చేసింది 2005లో (1985 నాటికే పెళ్లయినవాళ్లకి వర్తించదని మన రాష్ట్ర చట్టంలో ఓ మెలిక పెట్టారనుకోండి).

మరి జరిగేదేంటి? పొలం అమ్మకానికి వచ్చిన రోజు ఆడపడుచుల్ని కారెక్కించి రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకొస్తారు, డాక్యుమెంట్ రైటర్ వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెడతారు, బయటికొచ్చాక చేతిలో ఓ పట్టుచీర, పసుపు కుంకుమ, అయిపోయింది. ఎకరం కోట్లలో ఉన్నా అంతే. అదేంటంటే పెళ్లికి కట్నం ఇచ్చాం కదా అంటారు, ఆ కట్నం 1961 నుంచీ నేరమన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు! ఒకప్పుడు మన కోస్తాలోనే కొన్ని కులాల్లో ఎదురు డబ్బిచ్చి పిల్లని తెచ్చుకునేవాళ్లు, అది కాస్తా తిరగబడి కట్నమైంది, అంత పెద్ద ఆచారమే తలకిందులైనప్పుడు ఇదొక్కటే ఎందుకు కదలదో.

నోరు తెరిచి అడిగితే పుట్టింటి గడప తొక్కనివ్వరని భయం, ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా మాట్లాడకుండా సంతకం పెట్టేస్తున్నారు. కనీసం రిలీజ్ డీడ్ (వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే పత్రం) రాసేముందు ఆమె వాటా విలువ ఎంతో సబ్ రిజిస్ట్రారే విడిగా కూర్చోబెట్టి చెప్పాలని రూల్ పెట్టండి.

- ఒక పాఠకురాలు, తెనాలి