లాక్టోజ్ లేని ఐస్‌క్రీమ్ ఎందుకు ఆపాం, ఇప్పుడు ఎలా చేస్తున్నాం

పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ పడకపోయినా పాల ఐస్‌క్రీమ్ వదులుకోలేక మా దగ్గరికి వచ్చేవాళ్లకే ఈ కబురు. మిగతా రకాల్లో ఏ మార్పూ లేదు.

మా లాక్టోజ్ లేని రకాల్లో కిలో మిశ్రమానికి 80 గ్రాముల పాలపొడి పడుతుంది. లాక్టోజ్‌ను ముందే విడగొట్టిన పొడి అది. ఈసారి సప్లయర్ పంపిన బస్తా మీద పేరు అదే, రంగు అదే, లోపల మాత్రం మామూలు వెన్న తీసిన పాలపొడి. అందులో దాదాపు సగం బరువు లాక్టోజే. అంటే 100 గ్రాముల కప్పులో 4 గ్రాములు, రెండు కప్పులు తింటే 8. ల్యాబ్ రిపోర్టులో అంకె చూసిన రోజే అమ్మకం ఆపేశాం, కానీ అప్పటికే కొన్ని డబ్బాలు బయటికి వెళ్లిపోయాయి. పాత లేబుల్ డబ్బా మీ ఫ్రీజర్‌లో ఉంటే తెచ్చివ్వండి. సగం తిన్నదైనా సరే, పూర్తి డబ్బు వెనక్కి ఇస్తాం.

అడిగితే సప్లయర్ చెప్పిన జవాబు: ‘తక్కువ లాక్టోజ్ కూడా దాదాపు అదే కదా.’ కాదు. లాక్టోజ్ పడనివాళ్లలో చాలామంది ఒక్కసారికి 12 గ్రాముల దాకా, అంటే దాదాపు ఒక గ్లాసు పాలలో ఉన్నంత, తట్టుకుంటారన్నది నిజమే. భోజనంతో కలిపి తీసుకుంటే ఇంకాస్త సులువు. అయితే ఆ లెక్క ఎవరికి వాళ్లు వేసుకోవాలి. డబ్బా మీద ‘లేదు’ అని చదివి లాక్టోజ్‌ను అరిగించే మాత్ర వేసుకోకుండా తినే మనిషి తరఫున ఆ లెక్క వేసే హక్కు పాలపొడి అమ్మేవాడికి లేదు. తర్వాతి బస్తా సగం ధరకే ఇస్తానన్నాడు. వద్దన్నాం.

ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న, అదే నిద్ర పట్టనివ్వలేదు. పాలు పూర్తిగా మానేసి కొబ్బరి పాలకో ఓట్స్ పాలకో మారిపోవాలా? ఖర్చు తక్కువ, ల్యాబ్ గొడవ ఉండదు, అందరూ ఇచ్చిన సలహా కూడా అదే. కానీ మీరు ఇక్కడికి వచ్చేది పాల రుచి కోసం. కొబ్బరి ఐస్‌క్రీమ్ బాగానే ఉంటుంది, అది కొబ్బరి ఐస్‌క్రీమ్. మొండితనమే అనుకోండి, లాక్టోజ్‌ను మేమే విడగొట్టుకుందామని తేల్చుకున్నాం.

పద్ధతి ఇది. కిలో మిశ్రమానికి పాలు 625 గ్రాములు, క్రీమ్ 200, మామూలు పాలపొడి 60, చక్కెర 115. అన్నీ కలిపి పాశ్చరైజ్ చేసి, 4 డిగ్రీలకు చల్లార్చాకే లాక్టేజ్ చుక్కలు వేస్తాం. లాక్టోజ్‌ను గ్లూకోజ్, గెలాక్టోజ్ అనే రెండు చక్కెరలుగా విడగొట్టే ఎంజైమ్ అది. వేడి మీద వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. గోరువెచ్చగా ఉంచితే పని త్వరగా అవుతుంది కానీ పాలు పాడవుతాయి, అందుకే ఫ్రిజ్‌లోనే. పాలకైతే 24 గంటలు చాలు. మా మిశ్రమంలో లాక్టోజ్ 100 గ్రాములకు 6.5 గ్రాముల దాకా ఉంటుంది, పైగా విడివడ్డ గెలాక్టోజ్ ఎంజైమ్‌కే అడ్డుపడి చివరి కొసరు నెమ్మదిస్తుంది కాబట్టి 48 గంటలు ఉంచుతున్నాం. పండ్ల గుజ్జు ఆ తర్వాతే. ముందే వేస్తే పులుపుకి ఎంజైమ్ మందగిస్తుంది.

గ్లూకోజ్ స్ట్రిప్ రంగు మారితే పని మొదలైందని తెలుస్తుంది, పూర్తయిందని కాదు. అందుకే ప్రతి బ్యాచ్ ల్యాబ్‌కి వెళ్తుంది. లాక్టోజ్ 100 గ్రాములకు 0.1 గ్రాము దాటితే ‘లాక్టోజ్ లేని’ పేరుతో అమ్మం. రిపోర్టు కౌంటర్ దగ్గరే ఉంటుంది.

రుచిలో తేడా తెలుస్తుంది. విడివడ్డ చక్కెరలు లాక్టోజ్ కంటే తియ్యన, అందుకే మామూలు చక్కెర 140 గ్రాముల నుంచి 115కి తగ్గించాం. గడ్డకట్టే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది కాబట్టి మెత్తగా ఉంటుంది, త్వరగా కరుగుతుంది. ఇంట్లో ఫ్రీజర్ తలుపు దగ్గర కాకుండా లోపలి మూలలో పెట్టండి. ఐస్‌క్రీమ్ గట్టిపడటానికి ఇన్యులిన్ అనే పీచు పదార్థం వేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ పడనివాళ్లకు కడుపు ఉబ్బించే ఫ్రక్టాన్లే అవి కూడా. ఒక బాధ తీసి ఇంకో బాధ పెట్టడం మా వల్ల కాదు.

ఇంట్లో పాలకు ఇదే చేయాలనుకునేవాళ్లకు ఒక మాట. మింగే మాత్రను పొడి చేసి పాలలో వేసినా అంత బాగా పనిచేయదు. అందులో ఉండేది ఎక్కువగా కడుపులోని ఆమ్లంలో పనిచేసే రకం, పాలలో దానికి ఊపు రాదు. చుక్కలది దీనికి సరిగ్గా తిరగేసిన కథ, మింగితే కడుపులోని ఆమ్లానికే చెడిపోతాయి. మాత్రను మొదటి చెంచాతోనే వేసుకోండి, కడుపు నొప్పి మొదలయ్యాక కాదు.

పాల ప్రొటీన్ అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం మా పాల ఐస్‌క్రీమ్ ఏదీ ముట్టుకోవద్దు. లాక్టోజ్ పోయినా ప్రొటీన్ మొత్తం అక్కడే ఉంటుంది, చిన్న మోతాదు కూడా ప్రాణం మీదికి తేవచ్చు. దీన్ని పిల్లలకు కొనేవాళ్లకు కౌంటర్‌లో అడిగి మరీ చెబుతున్నాం, విసుక్కోకండి.

వెనీలా, పండ్ల రకాలు ఈ వారం నుంచి దొరుకుతాయి. కోకో రకం తర్వాతి బ్యాచ్‌లో. చాక్లెట్ చిప్స్ రకం మాత్రం ఇప్పట్లో రాదు, మాకు దొరుకుతున్న చిప్స్‌లో పాలపొడి ఉంది. అది లేనివి దొరికి, ల్యాబ్ అంకె సరిపోయాకే దాన్ని మళ్లీ పెడతాం.