అంతర్యుద్ధ కాలపు రాగి బిళ్లల గురించి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అంతర్యుద్ధంలో చిల్లర నాణేలకు బదులుగా సొంతంగా రాగి బిళ్లలు కొట్టించిన వ్యాపారులను మీ ఆదివారం అనుబంధం నకిలీ నాణేల ముఠాలతో కలిపేసింది. ఇది అన్యాయం. నకిలీ నాణెం చేసేవాడు పేరు దాచుకుంటాడు. ఈ బిళ్లల్లో చాలావాటిపై దుకాణం పేరు, ఊరు, అమ్మే సరుకు కూడా ఉంటాయి.

1861 డిసెంబరు చివర్లో బ్యాంకులు నోట్లకు బంగారం ఇవ్వడం ఆపేశాయి. తర్వాత వచ్చిన గ్రీన్‌బ్యాక్ అనే సర్కారు కాగితపు నోట్ల విలువ పడిపోవడంతో వెండి చిల్లర కొంత పెట్టెల్లోకి, కొంత కెనడాకు చేరింది. 1862 వేసవికి సెంటు నాణెం కూడా కరువైంది. తపాలా బిళ్లలు చిల్లరగా ఇస్తే జిగురు కరిగి జేబుల్లో అంటుకుపోయేవి. వాటిని ఇత్తడి చట్రంలో పెట్టి, పైన అభ్రకం రేకు బిగించే పద్ధతికి జాన్ గాల్ట్ ఆ ఆగస్టులో పేటెంట్ తీసుకున్నాడు. కానీ సెంటు బేరానికి చట్రం ఖర్చు గిట్టదు. అక్కడ పనికొచ్చినవి వ్యాపారుల బిళ్లలే.

అప్పటి సెంటులో 88 శాతం రాగి, 12 శాతం నికెల్, బరువు 4.67 గ్రాములు. బిళ్ల వెడల్పు దాదాపు సెంటు వెడల్పే, 19 మిల్లీమీటర్లు. మందం మాత్రం తక్కువ. లాభం అందులోనే. కొన్నిటిపై ఆకుల దండ మధ్య ‘వన్ సెంట్’ అని పెద్దగా కొట్టి, దాని పైన ‘నాట్’ అని కంటికి ఆననంత చిన్నగా పెట్టారు. చట్టం నుంచి తప్పించుకునే ఎత్తు అది.

అసలు చిక్కు బిళ్లకు అసలు డబ్బు ఇచ్చి వెనక్కి తీసుకునే దగ్గర వచ్చింది. న్యూయార్క్‌లో సారా దుకాణం నడిపిన లిండెన్‌ముల్లర్ తన పేరుతో లక్షల్లో బిళ్లలు వదిలాడు. థర్డ్ అవెన్యూ గుర్రపు ట్రాము కంపెనీ తన దగ్గర పోగుపడినవి తీసుకెళ్తే మార్చనన్నాడు. కంపెనీ ఏమీ చేయలేకపోయింది. తప్పుపట్టాలంటే ఇలాంటివారిని పట్టాలి.

1864 ఏప్రిల్ 22 చట్టం ఒకటి, రెండు సెంట్ల ప్రైవేటు బిళ్లలను నిషేధించింది. సర్కారు సెంటును 3.11 గ్రాముల కంచు నాణెంగా మార్చిందీ ఆ చట్టమే. అంటే జనం చేతుల్లో చెల్లుబాటైన పలుచని బిళ్ల దారినే టంకశాల పట్టింది.

ఇవి కొనేవారికి రెండు మాటలు. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటే అది పోతపోసిన నకలు. అసలువి అచ్చుల మధ్య గట్టిగా కొట్టినవి. చింతపండుతో మాత్రం తోమకండి. పులుపు పాతబడిన పైపొరను తినేస్తే రాగి గులాబీ రంగుకు తిరుగుతుంది, ధర సగానికి సగం పడిపోవచ్చు. ఈ బిళ్లల రకాలకు నంబర్లిచ్చే ఫుల్డ్ కేటలాగ్‌లో నంబరు చివర ‘ఎ’ ఉంటే రాగి, ‘బి’ ఉంటే ఇత్తడి. వెండి బిళ్ల ఎదురైతే తొందరపడి ఎక్కువ పెట్టకండి. అవి చాలావరకు ఆనాడే సేకర్తల కోసం కొట్టినవి, బజారులో చిల్లరగా తిరిగినవి కావు.

— ఒక నాణేల సేకర్త, గుంటూరు