తాళంచెవి బొమ్మ చెప్పని సగం

ఒరేయ్ ప్రసాదూ,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మాయికి ఎంజైముల పాఠం చెప్తూ చెప్తూ నువ్వే ఒకచోట ఆగిపోయానన్నావు. "ల్యాబ్‌లో ప్రోటీనుని అమైనో ఆమ్లాలుగా విడగొట్టాలంటే 6 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి, 110 డిగ్రీల దగ్గర రోజంతా ఉంచాలి కదా. అదే పని చిన్నపేగులో 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటల్లో ఎలా అయిపోతోందిరా? పుస్తకంలో తాళం, తాళంచెవి బొమ్మ వేసి వదిలేశారు" అని అడిగావు. ఇంత మంచి ప్రశ్నకి ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదలబుద్ధి కాలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గానే చదువు.

ఎంజైమంటే ఒంట్లో జరిగే రసాయన చర్యల్ని వేగంగా నడిపే ప్రోటీను. ముందు అది లేకపోతే ఏమవుతుందో చూడు. ప్రోటీనులో అమైనో ఆమ్లాలని కలిపే పెప్టైడ్ బంధాన్ని మామూలు నీళ్ళలో, 25 డిగ్రీల దగ్గర వదిలేశామనుకో. సగం బంధాలు తెగేసరికి కొన్ని వందల ఏళ్ళు పడుతుంది. శక్తి లెక్కన చూస్తే అది తెగిపోవడమే సహజం. అయినా తెగదు. ఇంకో చర్య ఉంది, అది వింటే నమ్మలేవు. ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏలకి కావలసిన యూరిడిన్ అణువు తయారీలో చివర్న, ఒరోటిడిన్ మోనోఫాస్ఫేట్ అనే అణువు నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ ఊడిపోవాలి. అంతే పని. దాన్ని దాని మానాన వదిలేస్తే సగం అణువులు మారడానికి పట్టే కాలం సుమారు 7 కోట్ల 80 లక్షల ఏళ్ళు! రాడ్జికా, వుల్ఫెండెన్ అనే ఇద్దరు 1995లో ఈ లెక్క తేల్చారు. అంతకాలం ఎవరు కూర్చుని చూస్తారు? దాన్ని పోలిన చిన్న అణువుని మూసిన గొట్టాల్లో బాగా వేడిచేసి, ఏ వేడి దగ్గర ఎంత వేగమో కొలిచి, అక్కడినుంచి 25 డిగ్రీలకి లెక్క కట్టారు. అదే పనిని మన కణాల్లో ఉన్న ఎంజైము సెకనులో యాభయ్యో వంతు కాలంలో పూర్తిచేస్తుంది. ఒకటి పక్కన 17 సున్నాలు పెడితే ఎంతో, వేగం అన్ని రెట్లు పెరిగిందన్నమాట. అందులో లోహం లేదు, విటమిన్ లేదు. ఉన్నదల్లా మడతలు పడిన ఒక ప్రోటీను.

నాకు ఆ వేగం కంటే ముందున్న నిదానమే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది. మన ఒంట్లో ఉన్న చక్కెర, కొవ్వు, ప్రోటీను అన్నీ ఆక్సిజన్ ఉన్న గాలిలో కాలి బూడిద కావలసినవే. కాలకుండా నిలబడ్డాయంటే ప్రతి చర్యకీ ముందు దాటాల్సిన అడ్డం ఒకటి ఉండబట్టే. మనం చదువుకున్న ఉత్తేజన శక్తి అదే. ఆ అడ్డం లేకపోతే జీవమే లేదు. ఆ అడ్డాన్ని ఎక్కడ, ఎప్పుడు, దేనికోసం తగ్గించాలో నిర్ణయించుకోగలగడమే కణం చేసే అసలు పని.

ల్యాబ్‌లో మనం వేడితో ఆ అడ్డం దాటిస్తాం. కణం అలా చెయ్యలేదు. వేడిచేస్తే దాని ప్రోటీన్లే మడతలు విడిపోయి పాడవుతాయి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. వేడికి ఎంచుకోవడం చేతకాదు, కావలసిన చర్యతోపాటు అక్కర్లేని వాటినీ తోసేస్తుంది. కణంలో ఒకే నీటిబొట్టులో వేల రకాల అణువులు కలిసి ఉంటాయి. వాటిలో ఈ ఒక్కటి ఇలా మాత్రమే మారాలంటే వేరే ఉపాయం కావాలి.

ఇక మీ అమ్మాయి పుస్తకంలో ఉన్న బొమ్మ సంగతి. ఎంజైము తాళమైతే దానికి సరిగ్గా పట్టే అణువు తాళంచెవి అని, ఎమిల్ ఫిషర్ అనే రసాయన శాస్త్రవేత్త 1894లో చెప్పిన పోలిక అది. చక్కెరలకి తగిలించిన అణువులని తెంపే రెండు ఎంజైముల్ని పక్కపక్కన పెట్టి చూశాడాయన. బంధం ఒక వైపుకి తిరిగి ఉంటే ఒకటి తెంపుతోంది, రెండోది ముట్టుకోవడం లేదు. ఇంకో వైపుకి తిరిగి ఉంటే రెండోది తెంపుతోంది. అణువు నిర్మాణం అప్పటికింకా ఎవరూ కళ్ళతో చూడలేదు. ఆ రోజుల్లో ఆకారమే కీలకమని కనిపెట్టడం మామూలు మాట కాదు. ఎంజైము దేన్ని ఎంచుకుంటుంది అన్న ప్రశ్నకి ఆ బొమ్మ ఇప్పటికీ సరైన జవాబే.

కానీ ఎందుకు వేగం అన్న ప్రశ్నకి అది జవాబు కాదురా. నిజానికి ఆ బొమ్మని ఉన్నదున్నట్టు నమ్మితే చర్య ఆగిపోవాలి! ఆలోచించు. వచ్చిన అణువు ఎంజైములో అతికినట్టు సరిపోయిందనుకో, అక్కడే హాయిగా ఉండిపోతుంది. ఇంకోలా మారాల్సిన అవసరం దానికేముంది? మారాలంటే ఇంకా ఎక్కువ ఎత్తు ఎక్కాలి. అంటే అడ్డం పెరిగినట్టే. ఈ చిక్కుని 1930లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నాడు, ఎంజైము అణువుని కొంచెం వంచి ఒత్తిడి పెట్టాలి అన్నాడు. 1946లో లైనస్ పాలింగ్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంకా సూటిగా చెప్పాడు: ఎంజైము ఆకారం సరిపోవాల్సింది మొదటి అణువుకి కాదు, మారే దారిలో నడిమధ్యన ఉండే స్థితికి. పాత బంధం సగం తెగి, కొత్తది సగం ఏర్పడి, ఎటూ కాకుండా ఉండే ఆ రూపాన్నే ట్రాన్సిషన్ స్టేట్ అంటాం. సెకనుని పదిలక్షల కోట్ల వంతులు చేస్తే అది నిలబడేది అందులో ఒకటో రెండో వంతులు, అంతే.

బరువైన మూట నేలమీంచి తలకెత్తుకునే మనిషిని తలుచుకో. మూట నేలమీద ఉన్నప్పుడు సాయం అక్కర్లేదు. తలమీద కుదురుకున్నాకా అక్కర్లేదు. నడుమెత్తుకి వచ్చి మోచేతులు వణికే ఆ క్షణంలో పక్కవాడు ఒక చెయ్యి వేస్తే చాలు, పని అయిపోతుంది. ఎంజైము వేసేది సరిగ్గా ఆ చెయ్యే. దాని లోపలి అమరికంతా నడుమెత్తులో ఉన్న బరువు కోసమే కుదిరి ఉంటుంది.

నువ్వు లెక్కలు అడుగుతావని తెలుసు కాబట్టి చెప్తున్నాను. 25 డిగ్రీల దగ్గర వేగం పది రెట్లు పెరగాలంటే ఉత్తేజన శక్తి మోల్‌కి 5.7 కిలోజౌళ్ళు తగ్గితే చాలు. ఒక మంచి హైడ్రోజన్ బంధం విలువ అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇందాకటి 17 సున్నాల వింతకి కావలసింది సుమారు 97 కిలోజౌళ్ళు. నడిమధ్య స్థితిని అన్ని వైపులనుంచీ పట్టుకునే చిన్న చిన్న పట్లన్నీ కూడితేనే ఇంత పెద్ద వేగం వస్తుంది.

ఇక పేగులో జరిగేది చూద్దాం, నీ ప్రశ్న దాని గురించే కదా. అక్కడ ప్రోటీన్లని తెంపే కైమోట్రిప్సిన్ అనే ఎంజైము తీసుకో. 1960ల చివర్లో కేంబ్రిడ్జ్‌లో డేవిడ్ బ్లో బృందం ఎక్స్‌రేలతో దాని లోపలి నిర్మాణం చూసింది. దాని అమైనో ఆమ్లాల గొలుసులో 57వ స్థానంలో హిస్టిడిన్, 102లో ఆస్పార్టేట్, 195లో సెరీన్. గొలుసుని చాపితే ఇవి ఎక్కడెక్కడో ఉంటాయి, మడతపడితే మాత్రం ఒకే చోట చేరతాయి. సెరీన్ చివర ఉన్న ఓహెచ్ గుంపు మామూలుగా ఎవరి జోలికీ పోని రకం. పక్కనున్న హిస్టిడిన్ దాని ప్రోటాన్‌ని లాగేసుకుంటుంది, ఆస్పార్టేట్ వెనకనుంచి హిస్టిడిన్‌ని నిలబెడుతుంది. అప్పుడు సెరీన్ ఆక్సిజన్‌కి ఎక్కడలేని బలం వచ్చి పెప్టైడ్ బంధంలోని కార్బన్ మీద పడుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదీ. ఆ కార్బన్ అప్పటిదాకా మూడు చేతులతో బల్లపరుపుగా ఉంటుంది. నాలుగో బంధం ఏర్పడగానే నాలుగు మూలలకీ విచ్చుకుంటుంది. దాని ఆక్సిజన్ మీద రుణావేశం పేరుకుంటుంది. నీళ్ళలో అయితే ఈ రూపం రావడమే గగనం. ఎంజైములో మాత్రం ఆ ఆక్సిజన్ కాస్త పక్కకి జరగగానే అక్కడ ఒక చిన్న గుంట సిద్ధంగా ఉంటుంది. రెండు ఎన్‌హెచ్ గుంపులు హైడ్రోజన్లు చాపి దాన్ని పట్టుకుంటాయి. బల్లపరుపుగా ఉన్న మొదటి అణువుకి ఆ గుంట సరిగ్గా అందదు. నడిమధ్య రూపం వచ్చినప్పుడే ఆ పట్టు బిగుస్తుంది. పాలింగ్ కాగితం మీద చెప్పింది ప్రోటీనులో అలా కళ్ళెదుట కనిపిస్తుంటే నాకైతే ఒళ్ళు పులకరిస్తుంది. తర్వాత బంధం తెగి ఒక ముక్క వెళ్ళిపోతుంది. సెరీన్‌కి అంటుకున్న రెండో ముక్కని ఒక నీటి అణువు వచ్చి ఇదే వరసలో విడిపిస్తుంది. ఎంజైము మళ్ళీ మొదట్లా మిగులుతుంది.

దీనికి గట్టి రుజువు కూడా ఉంది. సబ్టిలిసిన్ అని బ్యాక్టీరియాలో ఉండే ఎంజైముకీ ఇవే మూడు అమైనో ఆమ్లాలు ఉంటాయి. 1988లో కార్టర్, వెల్స్ ఆ మూడింటినీ తీసేసి చూశారు. వేగం లక్షల రెట్లు పడిపోయింది. కానీ ఎంజైము లేనప్పటికంటే ఇంకా వెయ్యి రెట్లకి పైగా ఎక్కువే ఉంది! పని చేసే చేతులు తీసేసినా, ఆ రూపాన్ని పట్టుకునే అమరిక మిగిలి ఉండబట్టే అది అంతైనా నడిచింది. అంతకు రెండేళ్ళ ముందు, 1986లో, లెర్నర్, షుల్ట్జ్ బృందాలు ఇంకో వైపునుంచి వచ్చాయి. ట్రాన్సిషన్ స్టేట్‌ని పోలిన, కానీ మారిపోకుండా నిలిచే అణువులకి అంటుకునే యాంటీబాడీలని తీసుకుని చూస్తే, అవి ఆ చర్యల్ని వేగవంతం చేశాయి. అసలు ఎంజైములంత వేగం రాలేదు గానీ, విషయం తేలిపోయింది కదా.

అన్ని చర్యలూ మొదట చెప్పినంత నిదానం కావు. కార్బన్ డయాక్సైడ్ నీళ్ళతో కలిసే చర్య ఉంది చూడు, అది ఎంజైము లేకపోయినా సెకన్లలో జరిగిపోతుంది. మరి దానికి ఎంజైము ఎందుకంటే, ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాల్లో రక్తం ఉండేది ఒక సెకను కూడా కాదు. అందుకే ఎర్ర రక్తకణాల్లో కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైము ఉంది. మధ్యలో ఒక జింక్ అయాను, దానికి తగులుకున్న నీటి అణువు తేలిగ్గా ప్రోటాన్ వదిలేస్తుంది. ఒక్కో ఎంజైము సెకనుకి పది లక్షల అణువుల దాకా మారుస్తుంది.

ఒక సంగతి మాత్రం మీ అమ్మాయికి గట్టిగా చెప్పు. ఎంజైము దారి సులువు చేస్తుందే గానీ గమ్యం మార్చదు. రెండు వైపులకీ చర్య ఒకే వేగంతో సాగే సమతాస్థితి ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది. మూట ఎత్తేటప్పుడు ఉపయోగపడిన చెయ్యి దించేటప్పుడూ అంతే ఉపయోగపడుతుంది, ముందుకెళ్ళే చర్యా వెనక్కొచ్చే చర్యా ఒకే నిష్పత్తిలో వేగం పుంజుకుంటాయి. శక్తి లెక్కన ఎదురెక్కాల్సిన పనికి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువుని ఖర్చుపెట్టి తీరాలి. ఆ ఏటీపీని 1929లో కండరంలో గుర్తించినవాళ్ళలో ఫిస్క్‌తోపాటు మన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. జర్మనీలో లోమన్ విడిగా అదే ఏడాది కనుక్కున్నాడు.

సుబ్బారావు పేరు ఎత్తాను కాబట్టి ఎంజైముని ఆపడం గురించి కూడా రాయాలి. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము లేకపోతే డీఎన్‌ఏకి కావలసిన థైమిన్ తయారీ సాగదు. ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ ఆ ఎంజైములో దూరి కదలకుండా కూర్చునే అణువుల్ని ఆయన బృందం తయారుచేసింది. అందులో అమినోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకి ఇచ్చి, జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. దాని దగ్గరి చుట్టం మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒకే ఒక్క ఎంజైముని అడ్డగిస్తే కణం విభజనే ఆగుతుందంటే, ఒక్కో ఎంజైము మీద ఎంత భారం ఉందో చూడు.

ఎంజైములు ఎంత సున్నితమో మీ అమ్మాయికి చూపించాలంటే సయామీ పిల్లి ఫొటో చూపించు. ఒళ్ళంతా లేత రంగు, చెవులు, ముక్కు, తోక, పాదాలు మాత్రం ముదురు. రంగు తయారీకి కావలసిన టైరోసినేజ్ ఎంజైములో ఒక మార్పు వల్ల అది శరీరపు వేడికి సరిగ్గా నిలబడలేదు. చల్లగా ఉండే కొసల్లో మాత్రమే పనిచేస్తుంది. కొన్ని డిగ్రీల తేడా పిల్లి ఒంటిమీద పటంలా కనిపిస్తుంది.

పుట్టిన పిల్లల మడమనుంచి రక్తపు చుక్క తీసి ఎందుకు పరీక్షిస్తారని కూడా అడిగావు. ఆ పరీక్షల్లో ఒకటి ఫినైల్‌కీటోన్యూరియా అని పుట్టుకతో వచ్చే జబ్బు కోసం. ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని టైరోసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లంగా మార్చే ఎంజైము ఆ పిల్లల్లో సరిగ్గా పనిచేయదు. ఆ చర్య దానంతట అది జరగదు కాబట్టి ఫినైల్‌అలనిన్ రక్తంలో పేరుకుని, ఎదిగే మెదడుని దెబ్బతీస్తుంది. పుట్టగానే తెలిస్తే ఫినైల్‌అలనిన్ తక్కువగా ఉండే ఆహారం మొదలుపెడతారు, బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. ఆలస్యమైతే జరిగిన నష్టం వెనక్కి రాదు. అందుకే ఆ ఒక్క చుక్క కోసం అంత తొందర.

కైమోట్రిప్సిన్ బొమ్మ వేరే కాగితం మీద గీసి దీంతో పెట్టాను, గుంట ఉన్నచోట ఎర్ర సిరాతో చుట్టాను. చూసి నీకు అర్థం కానిది ఏదైనా ఉంటే రాయి.

నీ
మురళి