మేయర్‌ను అడిగిన ప్రశ్నకు జవాబు ఎప్పుడు వస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

నగరపాలక సంస్థ సర్వసభ్య సమావేశం జరిగిన మరునాడు పత్రిక తిరగేస్తే పోడియాన్ని చుట్టుముట్టిన కార్పొరేటర్ల ఫొటో, వాకౌట్ వార్త, రెండు పక్షాల నాయకుల ఆరోపణలు కనిపిస్తాయి. ఆ రోజు మేయర్‌ను ఎవరు ఏమడిగారు, ఏమని జవాబు వచ్చింది, ఆ జవాబు ప్రకారం పని జరిగిందా అన్నది మాత్రం ఎంత వెతికినా దొరకదు. ఈ లోపం పత్రికలది అనను. సభలోనే ప్రశ్నకు విలువ తగ్గింది, జవాబుకు గడువు లేకుండా పోయింది. పురపాలక కార్యాలయంలో చాలా ఏళ్లు గుమస్తాగా పనిచేసి, సమావేశాల మినిట్స్ (సభలో జరిగినదాని అధికారిక నమోదు) నా చేతితో రాసినవాణ్ని కనుక ఈ సంగతి మీ పాఠకుల ముందు పెట్టడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఆ మధ్య ఒక నగరంలో సమావేశం జరుగుతుంటే సందర్శకుల గ్యాలరీలో కూర్చుని చూశాను. తొలిసారి గెలిచిన ఒక మహిళా కార్పొరేటర్ లేచి, చేతిలోని నోటుపుస్తకం తెరిచి, తన డివిజన్‌లోని ఒక పాఠశాల గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగిన మూడు తేదీలు, ప్రతిసారీ ఇచ్చిన ఫిర్యాదు నంబరు, వచ్చి చూసి వెళ్లిన సిబ్బంది వివరం వరుసగా చదివారు. పైపులైను మార్చడానికి అంచనాలు తయారయ్యాయా, తయారైతే ఆ ఫైలు ఎవరి దగ్గర ఉంది అన్నదే ఆమె ప్రశ్న. మేయర్ ఇంజినీరింగ్ అధికారి వైపు చూశారు. ఆయన లేచి ‘పరిశీలనలో ఉంది మేడమ్’ అన్నారు. ‘నోట్ చేసుకోండి, వెంటనే చేయించండి’ అని మేయర్ ఆదేశించారు. ‘ఎప్పటిలోగా?’ అని ఆమె అడుగుతుండగానే వెనుక వరుసలోంచి ఎవరో గత పాలకవర్గాన్ని నిందించారు, అవతలి పక్షం లేచింది, ఆ గోలలో ఆమె కూర్చుండిపోయారు. నోటుపుస్తకం మాత్రం చాలాసేపు తెరిచే ఉంచుకున్నారు.

ఆ ప్రశ్న మినిట్స్‌లో ఎలా నమోదవుతుందో నాకు తెలుసు. ‘డ్రైనేజీ సమస్యలను సభ్యులు ప్రస్తావించగా, తగు చర్యలు తీసుకోవలసిందిగా మేయర్ అధికారులను ఆదేశించారు.’ ఇలాంటి వాక్యాలు నేనే ఎన్నో రాశాను, అలా రాసినందుకు ఈనాడు బాధపడుతున్నాను. తేదీలు, ఫిర్యాదు నంబర్లు, పాఠశాల పేరు అన్నీ ఆ ఒక్క వాక్యంలో కొట్టుకుపోతాయి. తర్వాతి సమావేశంలో ఆమె మళ్లీ అడగాలంటే కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. అప్పటికి ఆ అధికారి బదిలీ అయి ఉంటే కొత్త అధికారి ‘నేను ఇప్పుడే వచ్చాను, పరిశీలిస్తాను’ అంటారు.

మేయర్‌ను నిలదీసేవారు, ఆ నిలదీతను చూసి ఆనందించేవారు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. మన రెండు రాష్ట్రాల నగరపాలక సంస్థలకు మూలాధారమైన 1955 నాటి చట్టం ప్రకారం కార్యనిర్వాహక అధికారం కమిషనర్ చేతిలో ఉంటుంది. మేయర్ సభకు అధ్యక్షత వహిస్తారు, నగర ప్రథమ పౌరుడిగా గౌరవం పొందుతారు, కానీ ఫైలు మీద సంతకం చేసి పని కదిలించే అధికారం చాలావరకు మరొకరిది. అందువల్ల మేయర్‌ను మాత్రమే గట్టిగా అడిగి సరిపెట్టుకుంటే అసలు జవాబు చెప్పవలసిన కుర్చీ తప్పించుకుంటుంది. హైదరాబాద్‌లో చిక్కు ఇంకా ఎక్కువ. అక్కడ తాగునీరు, మురుగునీటి వ్యవస్థ 1989లో ఏర్పడిన జలమండలి చేతిలో ఉన్నాయి; విద్యుత్తు పంపిణీ సంస్థ అయిన డిస్కమ్‌ది, ట్రాఫిక్ పోలీసు శాఖది. ఓటరు మాత్రం ఇవన్నీ కార్పొరేటర్‌నే అడుగుతాడు, కార్పొరేటర్ మేయర్‌ను అడుగుతారు, ‘అది మా పరిధిలో లేదు’ అన్న మాట దగ్గర ప్రశ్న ఆగిపోతుంది. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో 18 అంశాలను పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగినవిగా పేర్కొన్నది. నీటి సరఫరా, పారిశుధ్యం, రోడ్లు, వీధి దీపాలు, శ్మశానాలు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. వాటిని నిజంగా అప్పగించాలా వద్దా అన్నది రాష్ట్ర శాసనసభ ఇష్టానికి వదిలేసినందువల్ల బాధ్యత మేయర్‌ది, అధికారం ఇంకొకరిది అన్న పరిస్థితి దశాబ్దాలుగా నడుస్తోంది.

అలాగని ప్రశ్న వేయడం దండగ అని నా ఉద్దేశం కాదు. ప్రశ్నను పట్టుకునే ఏర్పాటు కావాలంటున్నాను. లోక్‌సభలో మంత్రి ‘పరిశీలిస్తాం, చేస్తాం’ అని ఒక మాట ఇస్తే అది హామీగా నమోదవుతుంది, మూడు నెలల్లో నెరవేర్చాలన్న నియమం ఉంది, నెరవేరిందో లేదో చూడటానికి 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ పనిచేస్తోంది. ఢిల్లీలో మంత్రి మాటకు ఉన్న లెక్క మన ఊరి మేయర్ మాటకు ఎందుకు ఉండకూడదు? సమాచార హక్కు చట్టం 2005లో వచ్చాక మామూలు పౌరుడు ఒక దరఖాస్తు పెట్టినా 30 రోజుల్లో జవాబు రావాలి. వేలమంది ఓట్లు వేసి పంపిన కార్పొరేటర్ నిండు సభలో అడిగిన దానికి మాత్రం ఫలానా రోజులోగా రాతలో జవాబు రావడం నేను పనిచేసిన కాలంలో చాలా అరుదు. నాకు తెలిసిన కార్పొరేటర్లు కొందరు విసిగిపోయి, చివరకు తమ డివిజన్ పనుల వివరాల కోసం తామే సమాచార హక్కు దరఖాస్తులు పెట్టుకున్నారు.

లండన్‌లో నగర మేయర్‌ను అసెంబ్లీ ప్రశ్నించే పద్ధతి చట్టంలోనే ఉంది. 1999 నాటి చట్టం కింద ఏర్పడిన 25 మంది సభ్యుల అసెంబ్లీ ఏడాదికి పదిసార్లు మేయర్‌ను ప్రశ్నిస్తుంది. సమావేశానికి ముందే మేయర్ తన పనుల నివేదిక ఇవ్వాలి, స్వయంగా వచ్చి జవాబులు చెప్పాలి, సమయం చాలక మిగిలిపోయిన ప్రశ్నలకు రాతలో ఇచ్చే జవాబులను ఎవరైనా చదువుకోవచ్చు. అక్కడి మేయర్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు, అధికారం కూడా ఆయన చేతిలోనే ఉంటుంది కనుక మన పరిస్థితికి దాన్ని అలాగే అతికించలేం. హైదరాబాద్‌లోనూ 2002లో మేయర్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు, తర్వాత ఆ పద్ధతి పోయింది. మేయర్ ఎన్నిక ఎలా జరిగినా, ప్రశ్నను ముందుగా రాతలో తీసుకోవడానికి, జవాబును అందరికీ కనబడేలా పెట్టడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. కౌన్సిల్ ఒక తీర్మానం చేసుకుంటే చాలు.

కార్పొరేటర్లకు కూడా ఒక మాట చెప్పాలి. ‘నా డివిజన్‌లో సమస్యలు ఎక్కడివక్కడే ఉన్నాయి’ అన్నది ఆవేదన, ప్రశ్న కాదు. దానికి ‘చూస్తాం’ అన్న జవాబే వస్తుంది. ఫలానా వీధి, ఫలానా పని, ఎప్పుడు మంజూరైంది, బిల్లు ఎంత చెల్లించారు అని అడిగినప్పుడు అధికారి ఫైలు తెరవక తప్పదు. అధికార పక్షంవారు లేచి మేయర్‌కు ధన్యవాదాలు చెప్పడంతో తమ వంతు వాడేసుకోవడం మరీ బాధాకరం. వారి వీధుల్లోనూ చెత్త పేరుకుంటుంది, వారి ఓటర్లకూ నీళ్లు రంగు మారి వస్తాయి. మరోవైపు, సభ్యులు చదవడానికి వ్యవధి లేకుండా చివరి నిమిషంలో టేబుల్ ఐటమ్స్‌గా పెట్టిన అంశాలను గొడవ మధ్యలో ‘ఆమోదించడమైనది’ అనిపించుకోవడం ఎన్నోసార్లు చూశాను. ఆ గొడవ వల్ల లాభం ఎవరికో విపక్ష సభ్యులు ఆలోచించాలి.

అసలు పాలకవర్గమే లేని నగరాల మాట కూడా ఇక్కడ చెప్పాలి. ఐదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నికలు జరగాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం స్పష్టంగా చెబుతున్నా, ప్రత్యేకాధికారుల పాలన ఏళ్ల తరబడి సాగిన ఉదాహరణలు మన దగ్గర ఉన్నాయి. ఆ కాలమంతా అడగడానికి సభే ఉండదు.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. సభలో అడిగిన ప్రతి ప్రశ్నకూ ఒక వరుస నంబరు ఇవ్వాలి. జవాబు చెప్పవలసిన అధికారి హోదా, గడువు తేదీ దాని పక్కన రాయాలి. తర్వాతి సమావేశం కొత్త ఎజెండాతో కాకుండా, పాత ప్రశ్నల్లో ఎన్ని తీరాయి, ఎన్ని మిగిలాయి అన్న పట్టికతో మొదలుకావాలి. ఆ పట్టికను మేయరే నిలబడి చదవాలి, పక్కనే కమిషనర్ ఉండి ఆలస్యానికి కారణం చెప్పాలి. ఇతర శాఖల పరిధిలోని అంశమైతే ఆ శాఖ అధికారిని ముందుగానే సభకు పిలవాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. సమావేశం జరిగే రోజు ఉదయం, గత సమావేశంలో జవాబు రాని ప్రశ్నలను నగరం పేజీలో అచ్చువేయండి. పాఠశాల గేటు ముందున్న ఆ మ్యాన్‌హోల్ గురించిన ప్రశ్న అందులో ఒక వరుసలో కనిపిస్తే, ఆ కార్పొరేటర్ నోటుపుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి చదవవలసిన అవసరం ఉండదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత పురపాలక ఉద్యోగి